అరుదైన పాత పెద్ద చైన్‌సా: కొనాలా, వదిలేయాలా?

100 సీసీ దాటిన పాత చైన్‌సా అమ్మకానికి కనబడితే చాలామంది మొదట అడిగేది "స్టార్ట్ అవుతుందా?" అని. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దీని కాయిల్ (ప్లగ్‌కు నిప్పు అందించే చుట్ట) పోతే ఇంకొకటి దొరుకుతుందా? స్టార్ట్ కాని రంపాన్ని చాలాసార్లు దారికి తేవచ్చు. దొరకని భాగం ఒక్కటి పోయిందంటే మాత్రం మిగతా పది కిలోల యంత్రం ఎంత బాగున్నా అది అటకెక్కాల్సిందే. అందుకే ఇలాంటి రంపం కొనేటప్పుడు ముందు విడిభాగాల సంగతి తేల్చుకోవాలి, రంపం చూడటానికి వెళ్ళడం ఆ తరువాత.

ఇక్కడ మాట్లాడుకునేది ఏ తరహా రంపాల గురించో ముందు చెప్పుకుందాం. స్టిల్ కంపెనీ కాంట్రా 1959లో వచ్చింది. 106 సీసీ, బరువు 12 కిలోల దాకా. ఆ కుదురులోదే 070, అదీ 106 సీసీనే. 090లో స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) అదే 40 మి.మీ. ఉంచి బోరును (సిలిండర్ లోపలి వ్యాసం) 66 మి.మీ.కు పెంచారు, అలా 137 సీసీ అయింది. తరువాతి తరంలో 084, 088, ఎంఎస్ 880 వచ్చాయి, ఇవి 122 సీసీ. హస్క్‌వర్నా 3120 ఎక్స్‌పీ 119 సీసీ, మెక్‌కల్లక్ ఎస్‌పీ 125 సీ 123 సీసీ. వీటి మధ్య తేడా శక్తిలో కంటే విడిభాగాల్లో ఎక్కువ. 088కూ 880కీ సామాను తేలిగ్గా దొరుకుతుంది. 070, 090లకు నకళ్ళు విరివిగా తయారవుతున్నాయి కాబట్టి పిస్టన్లు, సిలిండర్లు, కాయిళ్ళు ఏదో ఒక నాణ్యతలో దొరుకుతూనే ఉన్నాయి. మెక్‌కల్లక్ అసలు కంపెనీ 1999లో దివాలా తీసింది. ఆ పెద్ద రంపాలకు ఇక మిగిలింది పాత నిల్వలు, విప్పి అమ్మే రంపాలు మాత్రమే.

మీ పనికి ఇంత రంపం కావాలా

20–24 అంగుళాల బార్‌తో (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) పని సాగిపోతుంటే 60–70 సీసీ రంపం చాలు, 120 సీసీది అక్కడ భారమే తప్ప లాభం లేదు. 36 అంగుళాలు దాటిన బార్‌ను గట్టి చెక్కలో నిండా ముంచి కోయాల్సి వచ్చినప్పుడు, ముఖ్యంగా ఫ్రేము బిగించి దుంగను నిలువునా పలకలుగా చీల్చేటప్పుడు, ఈ పెద్ద ఇంజన్ల అవసరం నిజంగా తెలుస్తుంది. పలకలు చీల్చే పనిలో ఇంజన్ నిమిషాల తరబడి ఫుల్ స్పీడులో, పూర్తి బరువు మీద నడుస్తుంది. అడ్డకోతలో కొద్దిపాటి గాలి లీకును తట్టుకున్న రంపం అక్కడ ఒక్క పలకకే పట్టేస్తుంది, అంటే పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో ఇరుక్కుంటుంది. కాబట్టి ఆ పనికోసం కొనేవారు కింద చెప్పే పరీక్షల్లో ఒక్కటి కూడా వదలకూడదు.

చేత్తో పట్టుకుని చెట్లు పడగొట్టడానికే అయితే ఇంకోమాట. కాంట్రా కాలపు రంపాలకు చైన్ బ్రేకు ఉండదు, చాలావాటికి వణుకు ఆపే రబ్బర్లు కూడా ఉండవు. ఫ్రేములో బిగించినప్పుడు బార్ కొన కదలకుండా ఉంటుంది కాబట్టి వెనక్కి ఎగదన్నే ప్రమాదం బాగా తగ్గుతుంది. చేతిలో ఉన్నప్పుడు ఆ రక్షణ లేదు. చైన్ బ్రేకు లేని 137 సీసీ రంపంతో చెట్లు పడగొట్టే పని పెట్టుకోవద్దు. 084 తరువాతి వాటిని చూసుకోవడమే మంచిది.

చూడటానికి వెళ్ళే ముందే చేయాల్సిన లెక్క

మోడల్ పేరు తెలియగానే దాని విడిభాగాల పట్టిక సంపాదించి భాగాలను రెండు కుప్పలుగా విడగొట్టండి.

మొదటి కుప్పలో ఎక్కడైనా దొరికేవి: స్పార్క్ ప్లగ్, ఇంధనం గొట్టాలు, ఫిల్టర్లు, స్టార్టర్ తాడు. క్రాంక్ బేరింగుల మీద సాధారణంగా బేరింగు కంపెనీల మామూలు నంబరే ఉంటుంది, ఆ నంబరుతో బేరింగుల షాపులోనే తీసుకోవచ్చు. క్రాంక్ సీళ్ళు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అనే మూడు కొలతలతో దొరుకుతాయి. టిలట్సన్, వాల్‌బ్రో కార్బురేటర్లయితే డయాఫ్రమ్ కిట్లు ఇప్పటికీ వస్తున్నాయి. పాత పెద్ద రంపాల్లో ఎక్కువగా కనబడే టిలట్సన్ హెచ్‌ఎల్‌కు కూడా. పిస్టన్ రింగులు సైతం బోరు, మందం సరిపోతే వేరే ఇంజన్‌వి పనికొచ్చే సందర్భాలున్నాయి.

రెండో కుప్పలో ఆ రంపానికే ప్రత్యేకమైనవి: ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కాయిల్, ఫ్లైవీలు, సిలిండర్, క్రాంక్‌కేసు, ఆయిల్ పంపు, దాని గేరు, క్లచ్ డ్రమ్, ట్యాంకు, ఎయిర్ ఫిల్టర్ మూత. ఈ కుప్పలోని ఒక్కో భాగం ఇప్పుడు ఎక్కడైనా అమ్మకానికి ఉందా, ఉంటే ఎంతకు, అని వెతికి కాగితం మీద రాసుకోండి. ఎక్కడా దొరకని భాగం పక్కన గుర్తు పెట్టండి. రంపం దగ్గరికి వెళ్ళాక మీ దృష్టంతా ఆ గుర్తు పెట్టిన భాగాల మీదే ఉండాలి.

ఇగ్నిషన్ విషయంలో చాలామంది తప్పుగా అంచనా వేస్తారు. ప్లాటినం పాయింట్లున్న రంపం పాతకాలపుదని తీసిపారేసి, తొలినాటి ఎలక్ట్రానిక్ కాయిల్ ఉన్నదాన్ని మేలనుకుంటారు. అరుదైన రంపంలో వాస్తవం దీనికి తలకిందులు. పాయింట్లు రాసి, గ్యాపు 0.35–0.4 మి.మీ. దగ్గర పెట్టి, కండెన్సర్ మారిస్తే మళ్ళీ నిప్పు వస్తుంది. చాలావాటికి పాయింట్ల బదులు చిన్న ఎలక్ట్రానిక్ చిప్ కూడా పెట్టవచ్చు, ఫ్లైవీలు అయస్కాంతం దిశకు సరిపోయేట్టు వైర్లు కలపాలి, అంతే. ఎలక్ట్రానిక్ కాయిల్ లోపల కాలితే బాగుచెయ్యడానికి ఏమీ ఉండదు, అది రబ్బరు లాంటి పదార్థంలో పోతపోసి ఉంటుంది.

దూరంగా ఉన్న రంపమైతే ప్రయాణానికి ముందు నాలుగు ఫోటోలు, ఒక వీడియో అడగండి. సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి కనబడే పిస్టన్, నంబరు ప్లేటు, క్లచ్ మూత తీసిన వైపు, క్రాంక్‌కేసు అడుగు భాగం: ఇవీ ఫోటోలు. వీడియోలో ఆ రోజు మొదటిసారి, చల్లగా ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేయాలి. సైలెన్సర్‌కు ఉండేవి కొన్ని బోల్టులే. అవి విప్పి చూపడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గరికి అంత దూరం పోవడం దండగ.

ఇంజన్ ముట్టుకోకముందు

వెంట ఉండాల్సినవి: టీ హ్యాండిల్ అలెన్ కీ, టార్క్స్ కీ, స్క్రూడ్రైవర్, ప్లగ్ స్పానర్, టార్చి, మరలతో బిగించే కంప్రెషన్ గేజి, ఫీలర్ గేజి, ఒక అట్ట ముక్క, చెవులకూ కళ్ళకూ రక్షణ, మీరు కలిపిన తాజా ఇంధనం. కంప్రెషన్ గేజికి వాల్వు ప్లగ్ వైపు కొసనే ఉండాలి. గొట్టం అవతలి చివర వాల్వు ఉన్న కార్ల గేజి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, మంచి రంపాన్ని వదులుకోవాల్సి వస్తుంది.

చేరగానే సిలిండర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. పూర్తిగా చల్లారేదాకా ఆగి అప్పుడు మొదలుపెట్టండి.

ముందు అది అసలుదేనా అన్నది తేల్చాలి. 070, 090, 088లకు నకలు రంపాలు చాలా ఉన్నాయి, వాటికి అసలు స్టిక్కర్లు, పైమూతలు తగిలించి అమ్మేవారున్నారు. స్టిక్కరును నమ్మకండి. క్రాంక్‌కేసు మీద దిగ్గొట్టిన నంబరు, సిలిండర్ పోతలో ఉన్న గుర్తులు, కార్బురేటర్ మీద పేరు, ఇవన్నీ ఆ మోడల్‌కు ఉండాల్సినట్టే ఉన్నాయా చూడండి. పోత అంచులు గరుకుగా, స్క్రూల తలలు రకరకాలుగా ఉంటే అనుమానించాలి. అసలు క్రాంక్‌కేసులో నకలు సిలిండర్ ఉండటం తప్పేమీ కాదు, పనిచేస్తుంది కూడా, కానీ దానికి అసలు ధర ఇవ్వకూడదు. నంబరు గీకేసి ఉంటే మాత్రం వేరే ప్రశ్నలేవీ వద్దు, తిరిగి వచ్చేయండి.

క్రాంక్‌కేసు మెగ్నీషియం లోహం. తడి పొట్టుతో ఏళ్ళపాటు మూలన పడి ఉంటే తెల్లటి పొడిలా తుప్పు పట్టి గుంటలు పడుతుంది. పైపై గుంటలు పరవాలేదు. రెండు సగాలు కలిసే చోటా, బేరింగు కూర్చునే చోటా, ఆయిల్ ట్యాంకు గోడలోనా గుంటలు లోతుగా ఉంటే వదిలేయాలి. బార్ బోల్టుల దగ్గర మరలు పోయి ఉంటే ఇన్‌సర్టు వేయించవచ్చు, అది చిన్న ఖర్చు. అదే బార్ బోల్టు చుట్టూ పగులు ఉంటే పెద్ద సమస్య. వెల్డింగు చేసిన మెగ్నీషియం 36 అంగుళాల బార్ లాగుడుకు నిలబడుతుందని నమ్మి డబ్బు పెట్టకూడదు. పట్టుకునే గొట్టం, దాని రబ్బర్లు కూడా ఊపి చూడండి.

సైలెన్సర్ విప్పి చూడటం

మొత్తం పరీక్షలో ఒక్కటే చేసే వీలుంటే ఇదే చేయాలి. సైలెన్సర్ తీసి, టార్చి వేసి, తాడు మెల్లగా లాగుతూ పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంటే చూడండి.

పిస్టన్ పక్కల మీద అడ్డంగా సన్నని యంత్రపు గీతలు ఇంకా కనబడుతుంటే ఇంజన్ పెద్దగా నడవలేదని అర్థం. నిలువు గీతలుంటే వాటి కథ చదవాలి. ఎగ్జాస్ట్ వైపే గీతలుంటే ఇంధనం తక్కువై వేడెక్కి పట్టేసిన ఇంజన్ అది. గాలి లీకో, కార్బురేటర్ సెట్టింగు తప్పో దానికి కారణం. గాలి లోపలికొచ్చే వైపు మసకగా అరిగి ఉంటే ఫిల్టర్ సరిగ్గా లేక దుమ్ము మింగింది. చుట్టూరా గీతలుంటే ఆయిల్ కలపని పెట్రోలు పోశారు. మొదటి రకంలో పిస్టన్ మారిస్తే సరిపోదు, ఆ లీకు ఎక్కడుందో పట్టుకోకపోతే కొత్త పిస్టన్‌కూ అదే గతి. దుమ్ము మింగిన ఇంజన్‌లో కింది బేరింగులు కూడా అరిగి ఉంటాయి, అందుకే ఆ రకం చూడటానికి తేలిగ్గా కనబడినా ఖర్చులో పెద్దది.

తరువాత సిలిండర్ గోడ. ఈ రంపాల్లో ఎక్కువ వాటికి అల్యూమినియం మీద క్రోమ్ పూతో నికసిల్ (నికెల్‌తో చేసే గట్టి పూత) పూతో ఉంటుంది. పిస్టన్ నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియం చారలైతే యాసిడ్‌తో జాగ్రత్తగా తీసేయవచ్చు, కింద పూత బాగుంటే ఆ సిలిండర్ మళ్ళీ పనికొస్తుంది. పూతే లేచిపోతే, ముఖ్యంగా ఎగ్జాస్ట్ రంధ్రం అంచున పెచ్చులూడితే, దాన్ని ఇనుప లైనరులాగా బోరు కొట్టి పెద్ద పిస్టన్ వేయడం కుదరదు. మళ్ళీ పూత వేసేవాళ్ళున్నారు, కానీ చాలాసార్లు ఆ ఖర్చు రంపం విలువకు దగ్గరగా వస్తుంది. గోరుకు తగిలే గీత ఏదైనా సరే ధరలో కోత పడాల్సిందే.

పాత మెక్‌కల్లక్, హోమ్‌లైట్ రంపాల్లో చాలావాటికి రీడ్ వాల్వులు (గాలిని లోపలికే పోనిచ్చే పల్చటి రేకులు) ఉంటాయి. వాటిలో కార్బురేటర్ తీసినా పిస్టన్ కనబడదు, ఎగ్జాస్ట్ వైపు నుంచి చూసినదే ఆధారం. రీడ్లు వంగితే కార్బురేటర్ నోటిలోంచి పెట్రోలు వెనక్కి ఉమ్ముతుంది.

కంప్రెషన్, బేరింగులు

ప్లగ్ తీసి గేజి బిగించండి. స్విచ్ ఆపి, చోక్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి, డీకంప్రెషన్ వాల్వు (తాడు తేలిగ్గా లాగడానికి ఒత్తిడి వదిలే బొత్తాం) ఉంటే మూసి, ముల్లు ఆగేదాకా ఆరేడు సార్లు లాగాలి. యాక్సిలరేటర్ నొక్కకపోతే గాలి అందక తప్పుడు లెక్క వస్తుంది. 150 పీఎస్‌ఐ పైన ఉంటే సంతోషించవచ్చు. నెమ్మదిగా తిరిగే పాత పెద్ద ఇంజన్లకు 130 దగ్గరున్నా భయం లేదు. 110 కంటే తక్కువైతే రింగులో సిలిండరో అయిపోయిందని లెక్కకట్టండి. ప్లగ్ తీసినప్పుడు పిస్టన్ పైన ఆయిల్ నిలిచి మెరుస్తుంటే ఆ గేజి లెక్కను నమ్మకండి. సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోస్తే అరిగిన రింగులు కూడా కాసేపు బాగున్నట్టు చూపిస్తాయి.

స్టార్టర్ మూత విప్పి ఫ్లైవీలును పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఆ దిశలో ఏ మాత్రం ఆట ఉండకూడదు. అటూ ఇటూ, అంటే క్రాంక్ పొడవునా, వెంట్రుకవాసి కదలిక మామూలే. ప్లగ్ లేకుండా మెల్లగా తిప్పినప్పుడు చేతికి గరగర తగిలితే బేరింగులు పోయాయి. బేరింగులు కొనడం తేలికే కానీ మార్చాలంటే క్రాంక్‌కేసు రెండుగా విడదీయాలి; ఆ పని మీకు రాకపోతే మజూరీ కూడా ఖర్చులో రాసుకోండి. ఫ్లైవీలు రెక్కలు విరిగి ఉన్నాయా, దాన్ని క్రాంక్ మీద సరైన చోట నిలిపే చిన్న కీ తెగిందా చూడండి. కీ తెగితే నిప్పు సమయం మారి తాడు వెనక్కి గుంజుతుంది, ఇంత పెద్ద ఇంజన్‌లో ఆ గుంజుడుకు వేళ్ళు విరగవచ్చు.

స్టార్ట్ చేసి చూడటం

చల్లటి ఇంజన్ చోక్‌తో కొన్ని లాగుళ్ళలో అందుకోవాలి. రెండు నిమిషాలు వేడెక్కనిచ్చి స్లోలో వదిలేయండి. ఇప్పుడు రంపాన్ని ముక్కు కిందికి, ముక్కు పైకి, ఎడమకు, కుడికి వంచండి. ఏ వంపులోనైనా ఇంజన్ వేగం పెరిగినా ఆగిపోబోయినా క్రాంక్ సీళ్ళలోంచి గాలి లాగుతోందనే అనుమానించాలి. రేజ్ చేసి వదిలినప్పుడు వేగం వెంటనే పడిపోవాలి. పైనే వేలాడి మెల్లగా దిగితే అదీ గాలి లీకే. స్లోలో చైన్ పాకుతుంటే క్లచ్ స్ప్రింగులు అలిసిపోయాయి, లేదా స్లో ఎక్కువ పెట్టారు.

070, 090లలో, ఆ కాలపు ఇంకొన్నిటిలో, కార్బురేటర్‌లోనే గవర్నర్ ఉంటుంది. బరువు లేకుండా ఫుల్ రేజ్ చేస్తే అదనపు పెట్రోలు వదిలి వేగాన్ని అక్కడే ఆపుతుంది, అందుకే గురగురమని ముద్దముద్దగా మోగుతుంది. అది లోపం కాదు. కోతలో పెట్టగానే శబ్దం శుభ్రపడాలి. ఈ సంగతి తెలియక ఆ గురగుర పోగొట్టాలని గవర్నర్ మూసేసి, కొత్త రంపాల వేగానికి తిప్పినవారు పిస్టన్లు కాల్చుకున్నారు. అమ్మకందారు "ట్యూన్ చేయించాను, ఇప్పుడు బాగా అరుస్తుంది" అంటే జాగ్రత్తపడండి.

తరువాత అట్టకు జానెడు దూరంలో బార్ కొన పెట్టి రేజ్ చేస్తే ఆయిల్ చార పడాలి. చేత్తో నొక్కే పంపు ఉన్నవాటిలో బొత్తాం నొక్కితే ఎదురు తగిలి ఆయిల్ రావాలి. చైన్ బ్రేకు ఉంటే చైన్ తిరుగుతుండగా వేసి చూడండి, తక్షణం ఆగాలి.

ఇక్కడితో ఆపేవారే ఎక్కువ. అసలు పరీక్ష వేడి మీదుంది. లావు దుంగలో పది, పదిహేను నిమిషాలు కోసి, ఆపి, మరో పది నిమిషాలు అలాగే వదిలేయండి. ఆగాక ఫ్యాను గాలి ఉండదు, సిలిండర్ వేడంతా పక్కనున్న కాయిల్‌కు పాకుతుంది. లోపల తెగిన కాయిల్ అప్పుడే మొరాయిస్తుంది. వేడి మీద స్టార్ట్ కాకపోతే వెంటనే ప్లగ్ తీసి నిప్పు చూడండి. నిప్పు లేక, చల్లారాక మళ్ళీ వస్తే కాయిల్ పోతున్నట్టే. మీ కాగితంలో కాయిల్ పక్కన గుర్తు ఉంటే బేరం అక్కడితో ముగిసింది.

బార్, చైన్

"బార్‌తో సహా" అన్న మాటకు తొందరపడి ధర కట్టకండి. గాడి అంచులు అరిగి చైన్ పక్కకు వాలుతుంటే ఆ పొడవాటి బార్ విలువ తక్కువే. బోల్టు పట్టే గాడి వెడల్పు, చైన్ గాడి మందం కొలవండి; ఈ రంపాలకు సాధారణంగా 0.404 అంగుళాల పిచ్ (చైన్ లింకుల మధ్య దూరాన్ని చెప్పే కొలత), 1.6 మి.మీ. మందం వస్తుంది. స్ప్రాకెట్‌కు విడిగా ఊడే రింగు ఉంటే దాన్ని మార్చి 3/8 అంగుళం పిచ్ చైన్ కూడా వాడుకోవచ్చు, బార్ కొన చక్రం కూడా అదే పిచ్‌ది కావాలి. పళ్ళు డ్రమ్ముతో కలిసి ఉన్న రకమైతే మొత్తం డ్రమ్ము దొరకాలి.

ధర ఎలా కట్టాలి

అమ్మకానికి పెట్టిన ధరలు కాక, నిజంగా అమ్ముడైన ధరలు చూసి మంచి స్థితిలో ఉన్న అలాంటి రంపం విలువ రాసుకోండి. కనబడిన లోపాల ఖర్చు కూడండి. దానికి సగం అదనంగా కలపండి, ఎందుకంటే విప్పాక ఇంకేదో బయటపడుతుంది. ఎంత బాగా నడుస్తున్నా సీళ్ళు, ఇంధనం గొట్టాలు, కార్బురేటర్ కిట్ ఖర్చు మాత్రం ఈ లెక్కలో ఉండాల్సిందే. విలువలోంచి ఆ మొత్తం తీసేస్తే మిగిలేదే మీ గరిష్ఠ ధర.

నడవని రంపానికి "ప్లగ్ మారిస్తే చాలు" అన్న మాట వినబడుతుంది. ప్లగ్ అన్నిటికంటే చవకైన భాగం. దానితో పోయేదైతే అమ్మేవారే మార్చి ఎక్కువ ధరకు అమ్ముకునేవారు. నడవని దాన్ని విడిభాగాల ధరకే కొనాలి: కాయిల్, ఫ్లైవీలు, క్రాంక్‌కేసు, డ్రమ్ము, పంపు విడివిడిగా ఎంతకు పోతాయో కూడి అందులోపే ఆగాలి. మీ దగ్గర అదే మోడల్ ఇప్పటికే ఉంటే ఇది మంచి బేరం కూడా. దొరకని రంపాన్ని పనిలో ఉంచుకోవడానికి రెండో చచ్చిన రంపాన్ని దగ్గర పెట్టుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

కొన్నాక, మొదటి కోతకు ముందు

ఇంజన్ ఎగ్జాస్ట్, కార్బురేటర్ దారులు రబ్బరు పట్టీతో మూసి, 7 పీఎస్‌ఐ గాలి ఎక్కించి నిలుస్తుందో లేదో చూడండి. తరువాత అంతే స్థాయిలో వాక్యూమ్ కూడా. కొన్ని సీళ్ళు లోపలి ఒత్తిడికి ఆగి, వాక్యూమ్‌లో మాత్రమే లీకవుతాయి, అందుకని రెండూ చేయాలి. పాత ట్యాంకులోని పెట్రోలు పారబోసి, ట్యాంకు కడిగి, మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌తో తాజాగా కలపండి. పాత మాన్యువళ్ళలో 25:1 (25 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) అని ఉండటం ఆ నాటి ఆయిళ్ళను బట్టి. ఇప్పటి ఆయిల్‌తో 50:1 వాడేవారున్నా, పలకలు చీల్చే పనికి 40:1 దగ్గర ఉంచడం మేలు. ఆయిల్ పాలు మారిస్తే కార్బురేటర్ మళ్ళీ సరిచూడాలి, ఎందుకంటే ఆయిల్ పెరిగిన మేర అదే జెట్ గుండా పెట్రోలు తగ్గుతుంది. మొదటి ట్యాంకు పూర్తయ్యాక సైలెన్సర్ ఇంకోసారి విప్పి పిస్టన్ చూడండి. మొదటి రోజు తీసిన ఫోటో పక్కన పెట్టి పోల్చితే కొత్త గీత ఏదైనా పడిందేమో వెంటనే తెలిసిపోతుంది.